అందరూ ఉన్న ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?

వేసవి సెలవులకు పల్లెకు వెళ్లే కుటుంబాలకు ఆరోగ్య పాఠం

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే బడులకు సెలవులు. జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా పిల్లలకు పండుగే. పట్నంలో కాపురముంటున్న కూతుళ్లు, కొడుకులు పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టిన ఊరికి చేరుకుంటారు. తాటి ముంజలు, గడ్డిలో మాగవేసిన మామిడి పండ్లు, ఆరుబయట మంచాలు, నిద్ర వచ్చేదాకా అమ్మమ్మ చెప్పే కథలు, ఇవన్నీ పిల్లల మనసుకూ ఒంటికీ మేలు చేస్తాయి. కాబట్టి పల్లెకు వెళ్లవద్దని చెప్పడానికి మేము ఈ పాఠం రాయడం లేదు. వెళ్లిన పిల్లలందరూ క్షేమంగా తిరిగి రావాలని రాస్తున్నాము.

మా ఆసుపత్రికి వచ్చిన ఒక కుటుంబం సంగతి ముందుగా చెబుతాము. పేర్లు చెప్పము.

అది ఆవకాయ పెట్టే రోజు. ఇంట్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఆడవాళ్లు వసారాలో కూర్చుని మామిడికాయ ముక్కలు తుడుస్తున్నారు. మేనమామలు కారం పట్టించడానికి మిల్లుకు వెళ్లారు. తాతయ్య అరుగు మీద పేపరు చదువుతూ కునుకు తీశారు. పొద్దున పదకొండు గంటలకు ముగ్గురు పిల్లలు ఎవరికీ చెప్పకుండా తోటలోని వ్యవసాయ బావి దగ్గరకు వెళ్లారు. ఇద్దరు ఆ ఊరి పిల్లలే, ఈత వచ్చినవాళ్లు. మూడోవాడు హైదరాబాదు నుండి వచ్చిన తొమ్మిదేళ్ల బాబు. పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి నీళ్లలో పడ్డాడు.

పెద్దవాడికి పదకొండేళ్లు. వాడు నీళ్లలోకి దూకకుండా పెద్దగా కేకలు వేశాడు. పక్క తాటితోపులో పని చేసుకుంటున్న గీత కార్మికుడు ఆ కేక విని పరుగెత్తుకుని వచ్చి, తన మోకును మోటారు దిమ్మెకు కట్టి, దాన్ని పట్టుకుని దిగి బాబును పైకి తీశాడు. అప్పటికి బాబుకు ఊపిరి లేదు. ఆ ఊరి ఆశా కార్యకర్త నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కింది. కాసేపటికి బాబు దగ్గి, కక్కుకుని, ఏడ్చాడు. 108 వాహనంలో మా దగ్గరకు తెచ్చారు. నాలుగు రోజులు ఉండి ఇంటికి వెళ్లాడు.

బాబు దక్కాడు. కానీ వార్డు బయట బాబు తండ్రి తన అత్తగారితో అన్న మాట మా సిస్టర్లు విన్నారు. "అత్తయ్యగారూ, ఇక మీ ఊరికి పిల్లల్ని పంపము. ఏమీ అనుకోవద్దు." ఆమె బదులు చెప్పలేదు. ఇంటికి వెళ్లే రోజు మాత్రం మా సిస్టరును పక్కకు పిలిచి అడిగింది. "సిస్టరమ్మా, ఇంట్లో పద్నాలుగు మందిమి ఉన్నాం. అయినా బిడ్డ బావికి పోయింది ఎవరికీ తెలియలేదు. వచ్చే ఏడు మనవడు మళ్లీ మా ఇంటికి రావాలంటే మేం ఏం చెయ్యాలి?"

ఆమె ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఎక్కువ మంది ఉన్నచోటే ప్రమాదం ఎందుకు?

పట్నంలో ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దలు ఉంటారు. తల్లి స్నానానికి వెళితే "పిల్లల్ని చూస్తూ ఉండండి" అని భర్తకు చెప్పి వెళుతుంది. పల్లెలో అలా చెప్పే అవసరం కనబడదు. పిన్ని ఉందని అమ్మ, అమ్మమ్మ ఉందని పిన్ని, తాతయ్య అరుగు మీదే ఉన్నారని అమ్మమ్మ అనుకుంటారు. అందరూ చూస్తున్నారని అందరూ అనుకున్నప్పుడు నిజానికి ఎవరూ చూడడం లేదు.

రెండో సంగతి. ఆ ఊళ్లో పెరిగిన పిల్లలకు ఏ మెట్టు జారుతుందో, ఏ కుక్క కరుస్తుందో, ఏ కొట్టంలో పురుగుల మందు ఉంటుందో తెలుసు. పట్నం పిల్లలకు ఆ ఎరుక లేదు. భయమూ ఉండదు. అన్నలు చేసిందల్లా చేయబోతారు.

కాబట్టి మేము ఆ అమ్మమ్మకు చెప్పిన పద్ధతి ఇది. ఇంట్లో ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకోండి. ఆ తువ్వాలు ఎవరి భుజం మీద ఉంటే ఆ గంట పిల్లల బాధ్యత వారిది. దానికి నాలుగే నియమాలు.

1. ఒక సమయానికి ఒక్కరే, పేరు పెట్టి. "మేమందరం చూస్తాం" అన్న మాట చెల్లదు.

2. తువ్వాలు వేసుకున్నవారికి వేరే పని ఉండకూడదు. కూరగాయలు తరగడం, పేకాట, సెల్‌ఫోను ఏదీ వద్దు. అందుకే గంటకు మించి ఒకరికే అప్పజెప్పవద్దు.

3. తువ్వాలు మార్చేటప్పుడు పిల్లల్ని పేరు పేరునా లెక్కపెట్టి, నోటితో చెప్పి అప్పగించాలి. "ఐదుగురు ఉన్నారు, ఐదుగురూ పెరట్లోనే ఉన్నారు, ఇక నీది" అనాలి. తీసుకునేవారు "సరే, నాది" అనాలి.

4. మద్యం తాగినవారికి, పిల్లలకు తువ్వాలు ఇవ్వకూడదు. నడవలేని పెద్దవారు ఇంటి లోపల, వాకిట్లో చూడగలరు. బావి, చెరువు దగ్గరకు మాత్రం ఈత వచ్చినవారే వెళ్లాలి.

ఇప్పుడు పొద్దుటి నుండి రాత్రి వరకు ఏ పూట దేన్ని కనిపెట్టి ఉండాలో వరుసగా తెలుసుకుందాం.

పొద్దున: నీళ్లు

మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని మనం అనుకుంటాము. సాధారణంగా అలా జరగదు. నోరు నీటి మట్టానికి వచ్చినప్పుడు ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెక్కడ? చప్పుడు లేకుండా రెండు మూడు నిమిషాల్లో అంతా జరిగిపోతుంది. పాకే పిల్లలకు, అప్పుడే నడక నేర్చిన పిల్లలకు బావి కూడా అక్కరలేదు. నీళ్లున్న బకెట్టు, పశువుల కుడితి తొట్టి చాలు. వాడుకోగానే బకెట్లు బోర్లించండి, తొట్టికి మూత వేయండి.

డెల్టా ప్రాంతాల్లో వేసవిలో కాలువలు కట్టేస్తారు. కాలువ ఎండిపోయిందని పిల్లలు దిగుతారు. తూముల దగ్గర, వంతెనల కింద లోతైన మడుగులు మిగిలి ఉంటాయి. సెలవులు ముగిసే రోజుల్లో నీళ్లు వదిలితే నిన్న ఎండిన కాలువ నేడు పారుతుంది. కృష్ణా, గోదావరి వంటి నదుల్లో ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గుంట ఉండవచ్చు. పైకి తెలియదు.

పిల్లలకు ఈత నేర్పడం మంచిదే. ఎండిన సొరకాయ బుర్రలో, ఖాళీ డబ్బాలో నడుముకు కట్టి నేర్పడం మన పల్లెల్లో ఎప్పటినుండో ఉన్నది. అయితే నేర్పే పెద్దవారు నీళ్లలోనే, చేతికి అందేంత దూరంలో ఉండాలి. గట్టు మీద కూర్చుని చూడడం చాలదు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన కుటుంబాలను మేము చూశాము. తాడు, చీర, వెదురు గడ, ఖాళీ బిందె ఏది దొరికితే అది అందించండి. కేకలు వేసి పెద్దలను పిలవాలని పిల్లలకు నేర్పండి. ఆ పదకొండేళ్ల పిల్లవాడు చేసింది సరిగ్గా అదే.

పైకి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయవద్దు. అలా చేస్తే విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్య ఎముక మీద 30 సార్లు వేగంగా, గట్టిగా నొక్కి, మళ్లీ 2 సార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఆపవద్దు. కోలుకుని మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకురావాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి వల్ల కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

మధ్యాహ్నం: ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరు నుండి జూన్ మొదటి వారం దాకా ఉండే ఆ రోజుల్లో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల కొన్ని ఏళ్లలో 45 డిగ్రీలు కూడా దాటుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో కూలి పనికి వెళ్లినవారు, వయసు మళ్లినవారు ఎక్కువగా వడదెబ్బకు గురవుతారు. చిన్న పిల్లల ఒళ్లు కూడా పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది.

ఉదయం పది గంటల లోపు, సాయంత్రం ఐదు తర్వాత ఆటలు పెట్టుకోండి. మధ్యాహ్నం వేళ నీడ పట్టున అష్టాచెమ్మా, పులి మేక ఆడించండి. పట్నం పిల్లలకు అవి కొత్త ఆటలు, ఇష్టంగా ఆడతారు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, రాగి అంబలి ఇస్తూ ఉండండి. ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలవద్దు. పిల్లలు ఆడుకుంటూ కారులో దూరి తలుపు వేసుకోకుండా తాళం వేసి ఉంచండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని అంటారు. ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. తలపై తడి తువ్వాలు, కడుపులో నీళ్లు ఆపుతాయి.

తల తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం, చెమటలు కారిపోవడం మొదటి హెచ్చరికలు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ లేదా మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించండి. ఒళ్లు కాలిపోతూ, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. ముందు ఒళ్లు చల్లబరచండి, ఆ తర్వాతే వాహనం ఎక్కించండి. బిందెలతో నీళ్లు ఒంటిమీద పోస్తూ విసరండి. దారి పొడుగునా తడిబట్టతో తుడవండి. జ్వరం బిళ్ల ఈ వేడిని తగ్గించదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

సాయంత్రం: పెరడు, కొట్టం, వీధి

ఎండ తగ్గగానే పిల్లలు ఒక్కసారిగా బయటికి వస్తారు. ఈ పూట మూడు సంగతులు చూడాలి.

మొదటిది పురుగుల మందు. పొలానికి కొట్టగా మిగిలిన మందును కూల్ డ్రింకు సీసాలో పోసి కొట్టంలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దాహంతో వచ్చిన పిల్లవాడికి అది కూల్ డ్రింకే. పిల్లలు వచ్చే ముందు రోజే తాతయ్య, మామయ్య కొట్టమంతా వెతికి, అసలు డబ్బాల్లోనే ఉంచి తాళం వేయాలి. ఎవరైనా తాగితే వాంతి చేయించవద్దు. ఒంటిమీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. మందు డబ్బా వెంట తెచ్చి డాక్టరుకు చూపించండి. ఏ మందో తెలిస్తే విరుగుడు త్వరగా మొదలవుతుంది.

రెండోది కుక్క. కుక్క కరిచినా, గీరినా వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ మరో మందు కూడా ఇస్తారు. టీకాలు మొదటి రోజు, ఆపై 3, 7, 28 రోజులకు, కొన్ని ఆసుపత్రుల్లో 14వ రోజున కూడా వేస్తారు. సెలవుల్లో జరిగే పొరపాటు ఇక్కడే. పల్లెలో రెండు టీకాలు వేయించి, పట్నం వెళ్లాక మిగతావి మరచిపోతారు. చీటీ పారేయకుండా వెంట తీసుకెళ్లి పట్నంలో పూర్తి చేయించండి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

మూడోది తేలు. పిడకల కింద, కట్టెల మోపులో, రాళ్ల సందుల్లో ఉంటుంది. పెద్దవారికి నొప్పితో పోయేది చిన్న పిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు. ఎర్ర తేలు కుడితే ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడడం, ఆయాసం వస్తాయి. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, 1980లలో ప్రాజోసిన్ అనే బీపీ బిళ్లను తేలు కాటుకు వాడి ఎందరో పిల్లల్ని బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మంత్రం వేసేవారి దగ్గర గంట కూర్చుంటే ఆ గంట పోయినట్టే.

రాత్రి: పాము

మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. అందులో ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు లోపు జరిగినవే. తొలకరి పడే రోజులు, సెలవులు ముగిసే రోజులు ఒకటే అని గుర్తుంచుకోండి.

మన ప్రాంతంలో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వీటిలో కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అంటాడు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగలేడు, మాట ముద్దగా వస్తుంది. అరగలేదేమోనని వాము పెట్టి పడుకోబెడితే పొరపాటు. నేల మీద పడుకున్న పిల్లవాడికి కడుపునొప్పితో రెప్పలు వాలుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆరుబయట పడుకోవడం మానక్కర్లేదు. మంచం మీద పడుకోండి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. ఇది దోమలనూ ఆపుతుంది, పామునూ ఆపుతుంది. రాత్రి లేస్తే టార్చిలైటు వేసి, చెప్పులు దులిపి వేసుకుని నడవండి. ధాన్యం బస్తాలున్న గదిలో పిల్లల్ని పడుకోబెట్టవద్దు. ఎలుకలున్న చోటికే పాము వస్తుంది.

పాము కరిస్తే:

- ధైర్యం చెప్పి పడుకోబెట్టండి, నడిపించవద్దు. చేయి లేదా కాలు కదలకుండా, ఎముక విరిగితే కట్టినట్టు కర్రతో కట్టండి. గాజులు, ఉంగరాలు, పట్టీలు తీసేయండి.
- గాటు కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఎవరైనా అప్పటికే బిగించి కట్టి ఉంటే దారిలో విప్పవద్దు. ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉంచుకుని విప్పుతారు.
- పామును వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. నాలుగు పాముల విషానికీ మన దేశంలో ఒకే మందు వాడతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇస్తారు.
- ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదలకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టు. "రక్తం తీసి ఊరికే కూర్చున్నారు" అని కోప్పడకండి. ఆ ఇరవై నిమిషాలు వైద్యంలో భాగమే. బాగున్నాడనిపించినా 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి.

ఏ పూటైనా: విరేచనాలు

కొత్త ఊరి నీళ్లు, ఈగలు ముసిరిన పండ్లు, చేతులు కడగకుండా తినడం, ఇవి చాలు. నీళ్లు మరిగించి చల్లార్చి ఇవ్వండి. మామిడి పండ్లు ఒక గంట నీళ్లలో వేసి, బాగా కడిగి తినండి.

విరేచనాల్లో ప్రాణం తీసేది చాలాసార్లు ఒంట్లో నీరు, ఉప్పు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట ఆ నీళ్లు తాగినవారిలో మరణాలు నాలుగు శాతం లోపుకు తగ్గాయి. ఆయన 2022లో చనిపోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. అదే నేటి ఓఆర్ఎస్. ఇంట్లో తల్లి చేత్తో ఇవ్వగల మందు.

పెద్ద ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరు నీటిలో కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి వేయండి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ పావు నుండి అర గ్లాసు, పెద్ద పిల్లలకు అర నుండి ఒక గ్లాసు, చెంచాతో నెమ్మదిగా ఇవ్వండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు, అన్నం ఆపవద్దు. డాక్టరు జింకు బిళ్లలు రాస్తే 14 రోజులూ వాడండి.

డబ్బాల్లో అమ్మే తియ్యని పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో పంచదార ఎక్కువ, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. సూత్రం ప్రకారం లేని పానీయాలపై ఓఆర్ఎస్ అనే పేరు వేయకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్టు అడగండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉందో లేదో చూడండి.

ఆరు గంటలు మూత్రం రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, మలంలో రక్తం కనబడినా, పిల్లవాడు మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి.

మందులు వాడే పెద్దలకు ఒక మాట

పిల్లల సందడిలో అమ్మమ్మ బీపీ బిళ్ల, తాతయ్య షుగరు బిళ్ల మరచిపోవడం ప్రతి వేసవిలో చూస్తున్నాము. పట్నం నుండి వచ్చేవారు సెలవులన్నిటికీ సరిపడా మందులు, చీటీతో సహా తెచ్చుకోండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను కొత్త కుండలో పెట్టండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ దించి, సీసాను పొడి డబ్బాలో పెట్టి అందులో ఉంచి మూత వేయండి. నీడలో పెట్టి రోజూ ఇసుక తడపండి. ఇన్సులిన్‌ను గడ్డకట్టనివ్వవద్దు, కారులో వదలవద్దు.

షుగరు ఉన్నవారు మామిడి పండు పూర్తిగా మానక్కర్లేదు. ఒక చిన్న పండులో సగం చాలు, అన్నంతో పాటు కాకుండా విడిగా తినండి. లేత ముంజలు మితంగా తినవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా కొబ్బరి నీళ్లు తాగవద్దు. బీపీకి నీళ్ల బిళ్ల వాడేవారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ బిళ్ల సంగతి అదే రోజు డాక్టరును అడగండి.

ప్రయాణపు సంచిలో పెట్టుకోవలసినవి

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, జ్వరం మందు, థర్మామీటరు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, టార్చిలైటు, దోమతెర, పిల్లల టీకా కార్డులు. ఒక కాగితం మీద 108, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు, పాము కాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు రాసి గోడకు అంటించండి. ఆ మందు ఎక్కడ ఉందో ఊరికి చేరిన రోజే కనుక్కోండి. అవసరం వచ్చిన రాత్రి కనుక్కోవడం ఆలస్యమే. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఈనాడు పల్లెలకు చేరుతోంది. ఫోను చేసేటప్పుడు ఊరి పేరుతో పాటు మండలం, దగ్గరి గుర్తు చెప్పండి. పట్నం నుండి వచ్చిన కోడలికి, అల్లుడికి కూడా ఆ వివరాలు తెలిసి ఉండాలి.

ఆ కుటుంబం మళ్లీ వచ్చింది

బావి ప్రమాదం జరిగిన మరుసటి ఏడు మే నెలలో ఆ అమ్మమ్మ బీపీ చూపించుకోవడానికి మా ఓపీకి వచ్చింది. వెంట తాతయ్య, మనవడు ఉన్నారు. అల్లుడు మొదట ఒప్పుకోలేదట. తాతయ్య బావి చుట్టూ గోడ ఎత్తు పెంచి, మెట్లకు ఇనుప గేటు పెట్టించి, దాని తాళంచెవి ఫొటో తీయించి అల్లుడికి పంపాడు. ఇంట్లో ఎవరి గంట ఏదో కాగితం మీద రాసి అదీ పంపాడు. అప్పుడు పిల్లలు వచ్చారు. ఆ ఏడు బాబుకు ఈత కూడా నేర్పుతున్నారు. నేర్పేది నిరుడు వాణ్ణి పైకి తీసిన ఆ గీత కార్మికుడే.

తాతయ్య భుజం మీద ఎర్ర తువ్వాలు చూసి మా సిస్టరు "ఇక్కడ కూడా ఎందుకు తాతా?" అని అడిగింది. ఆయన మనవడి చేయి వదలకుండా "పదకొండు దాకా నాదేనమ్మా" అన్నాడు.

కుటుంబంగా కూర్చుని జవాబు చెప్పుకోండి

1. మనం వెళ్లే ఇంటి చుట్టూ బావి, చెరువు, కాలువ, తొట్టి ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటికి మూత, గేటు ఉన్నాయా?

2. మన ఇంట్లో పురుగుల మందు ఎక్కడ ఉంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

3. పాము కాటుకు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరం? రాత్రి పూట వెళ్లడానికి బండి ఎవరిది?

4. లీటరు నీటిలో ఎంత పంచదార, ఎంత ఉప్పు? పిల్లల చేత కలిపించి చూడండి.

5. ఈ గంట తువ్వాలు ఎవరి భుజం మీద ఉంది?